గుయ్యిమనే గిటార్

ద్రేనొవా, 1974 ఏప్రిల్ 7

ప్రియమైన కోసారా,

నీ ఉత్తరం అందింది. ఉత్తరమా అది! "క్షేమం. పని ఎక్కువ. భోజనం పరవాలేదు. ఉంటాను." నాలుగంటే నాలుగే లైన్లు. రేడియో ఫ్యాక్టరీలో శిక్షణకని నీష్ వెళ్ళావు గాని, అక్కడ మాటలు కూడా రేషన్ మీద ఇస్తున్నారా? పెళ్ళాం నాలుగు కబుర్లు రాస్తే చదువుకోవాలని ఏ మొగుడికైనా ఉండదూ?

ఇక్కడి సంగతి. నీ చెల్లెలు యాగొడ తన పెళ్ళిలో నేనే వాయించాలని పట్టు పట్టింది. అక్రోటు చెక్కతో గిటార్ చేశాను. నువ్వు రాగితీగ చుట్టి పంపిన పికప్‌ను, అదే ఆ నాదం పట్టే అయస్కాంతాన్ని, తీగల కింద బిగించాను. వార్నిష్ ఎంత బాగా కుదిరిందంటే, అందులో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. కాని నువ్వు కట్టిన యాంప్లిఫయర్‌కి తగిలించానో లేదో, గుయ్యిమని ఒకటే మోత. మామయ్య తలుపులోంచి తొంగిచూసి, "ఏందయ్యా అల్లుడూ, దాంట్లో తేనెటీగల్ని గానీ పెంచుతున్నావా?" అన్నాడు. పెళ్ళిళ్ళలో వాయించే తిహొమీర్ అయితే, "నా అకార్డియన్‌కి కరెంటెందుకురా, గాలి చాలు!" అని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. ఏం చెయ్యమంటావు?

నీ స్రెతెన్

నీష్, ఏప్రిల్ 12

ప్రియమైన వడ్రంగి గారికి,

గుయ్యిమంటోందంటే సరిపోతుందా? నాకిక్కడికి వినపడొద్దూ? ముందు తీగల మీద చెయ్యి పెట్టు. మోత తగ్గిందా? తర్వాత వైరు గుచ్చే చోట ఉండే లోహపు చుట్టును తాకి చూడు. రెండూ నాకు రాయి. ట్యూబులైటు కింద కూర్చోకు. యాంప్లిఫయర్ వెనక మూత మాత్రం విప్పకు, నా మీద ఒట్టు. నాకు ఒక్కడివే మొగుడివి.

రాత్రి భోజనాల దగ్గర మా గదిలోని అమ్మాయిలకు ఈ సంగతి చెప్పాను. ఇంకేముంది, చిక్కుడుగింజల పులుసు చల్లారిపోయేదాకా వాదన. స్లావికా పికప్‌దే తప్పంది. నేను చుట్టిన పికప్‌నా! దానితో ఇంకా మాట్లాడడం లేదు. మిగతాది వెనక పేజీల్లో బొమ్మలతో సహా రాశాను, ఓపిగ్గా చదువు.

నీ కోసార

ద్రేనొవా, ఏప్రిల్ 18

నా బంగారు కోసారా,

నాలుగు పేజీలు! పిల్లికి కూడా చదివి వినిపించాను. తీగల్ని తాకితే ఏ మార్పూ లేదు. లోహపు చుట్టును తాకితే మోత సగానికి సగం పడిపోతోంది. ఇదేం రోగం?

నీ స్రెతెన్

నీష్, ఏప్రిల్ 23

స్రెతెన్,

దొరికిపోయావు! తీగలు ఆనే ఇనప వంతెన కింద కూడా వార్నిష్ పూశావు కదూ? ఇనుము అడుగునా, ఎర్తు తీగ కొసకీ కూడా? నీ సంగతి నాకు తెలీదా, మన పెళ్ళిలో నా చెప్పుల అడుగులకు కూడా పూసిన మనిషివి. ఎర్తు తీగ లోహాన్ని నేరుగా తాకాలయ్యా, మధ్యలో వార్నిష్ ఉంటే తాకనట్టే లెక్క. చాకుతో గీకెయ్యి. తర్వాత నాన్న సారా బట్టీ పాత రాగి మూతను పల్చగా సాగగొట్టి, పికప్ కూర్చునే గుంతకు లోపలంతా పరిచి, దాన్ని కూడా ఎర్తుకే కలుపు. నాన్న ఏడుస్తాడు. ఏడవనీ.

నీ కోసార

ద్రేనొవా, మే 2

ప్రియమైన కోసారా,

వార్నిష్ గీకాను. గీకుతుంటే నా చర్మం గీకినట్టే ఉంది. మామయ్య మూత ఇచ్చాడు గాని, దానికి చివరిసారిగా ముద్దు పెట్టి మరీ ఇచ్చాడు. ఇన్ని చేసినా ఏం లాభం, నిన్న సాయంత్రం గంటసేపు వాయించాను, అదే గుయ్యి. ఇంకేదైనా ఉపాయం రాయి. వివరంగా రాయి, తొందరేం లేదు. మీ గదిలో వాళ్ళేమన్నారో కూడా రాయి.

అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. ఆదివారం గాలివానకు కరెంటు స్తంభాలు కూలాయి, అప్పటినుంచీ ఊరంతా కొవ్వొత్తులే.

నీ స్రెతెన్

నీష్, మే 7

ఓరి నా స్రెతెన్,

ఊళ్ళో కరెంటే లేని రోజు నీ గిటార్ ఎలా గుయ్యిమందయ్యా? కొవ్వొత్తికి తగిలించావా?

నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. స్లావికాకి చదివి వినిపిస్తే అదీ నవ్వింది, అలా మాటలు కలిశాయి. తర్వాత స్నానాల గదిలోకి పోయి కాసేపు ఏడ్చాను. గిటార్ ఎప్పుడో బాగైపోయింది, అవునా? నా ఉత్తరాల కోసం దాన్ని ఇంకా రోగిష్టిదాన్ని చేసి కూర్చోబెట్టావు.

నాలుగు లైన్లే ఎందుకు రాసేదాన్నో చెప్పనా? ఐదో లైనులో "ఇక్కడ ఉండలేను, వచ్చేస్తాను" అని రాసేస్తానేమోనని భయం. గిటార్ సంగతి వచ్చాక ఆ భయం పోయింది. నీతో ఎంతసేపైనా పోట్లాడొచ్చు కదా.

పెళ్ళికి సెలవు అడిగితే మా ఫోర్‌మన్ కుదరదన్నాడు. "మా చెల్లెలి పెళ్ళిలో మా ఆయన వాయించాలి, గిటార్ గుయ్యిమంటోంది, నేను తప్ప దాన్ని బాగుచేసేవాళ్ళు లేరు" అన్నాను. రేడియోల మనిషి కదా, అది విని కరిగిపోయాడు. వారం రోజులు ఇచ్చాడు. శనివారం మధ్యాహ్నం బస్సుకి దిగుతాను.

ఎవరైనా అడిగితే ఇంకా గుయ్యిమంటోందనే చెప్పు.

నీ కోసార