రిజిస్టరు పోస్టులో దౌత్యలేఖ

చిట్టికి పిన్ని ఆశీస్సులు.

నువ్వు కులాసా అని తలుస్తాను. నీ ఉత్తరం చదివినప్పటినుంచీ మీ ఊరి పొగమంచు మా వంటింట్లోకి వచ్చినట్టే ఉంది. పాలు పొయ్యిమీద పెట్టి మరిచిపోతున్నాను.

అసలు సంగతికి వస్తాను. మీ మావయ్యలిద్దరికీ నేనొక మాట చెప్పాలి. ఇద్దరూ ఒకేచోట కూర్చుని ఒకేసారి వినాలి. ఒకరికి ముందు చెబితే రెండోవాళ్లు ఈ జన్మలో నా గడప తొక్కరు. పదకొండేళ్లనాడు చుట్టాల పెళ్లిలో గ్రూపు ఫొటోకి చిన్నన్నయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, పెద్దన్నయ్యని వెనక నిలబెట్టారు చూడు, అప్పట్నుంచీ వాళ్లకి మాటల్లేవు. పడని దేశాలవాళ్లని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి అన్నం పెట్టడమే కదా నీ ఉద్యోగం. నాకూ ఒక ఉపాయం చెప్పు. ఆ మాటేమిటని మాత్రం అడక్కు.

ఇట్లు,
పిన్ని

తా.క.: ఆ ఫొటోగ్రాఫరు పోయినప్పుడు ఇద్దరూ చూడ్డానికి వెళ్లారు. ఒకరు ముందు గుమ్మంలోంచి, ఒకరు పెరటి గుమ్మంలోంచి.

*

పిన్నికి నమస్కారాలు.

నీ ఉత్తరం మా రాయబార కార్యాలయం సంచిలో పన్నెండు రోజులు ప్రయాణం చేసి వచ్చింది. ఇక్కడ సాయంత్రం నాలుగింటికే దీపాలు పెడతారు. నా కిటికీ కింద నది ఉందని తెలుసు గానీ కనిపించదు. పడవల గంటలు మాత్రం వినిపిస్తాయి. వింటూ కూర్చుంటే నేను ఏ దేశం తరఫున వచ్చానో కూడా కాసేపు గుర్తుండదు. ఈ మాట మా రాయబారిగారి చెవిన పడకూడదు.

విందులకి నేను చేసేది ఇంతే. అట్టముక్కల మీద అతిథుల పేర్లు రాసి, బల్ల బొమ్మ చుట్టూ అటూ ఇటూ జరుపుతాను. పడనివాళ్లని ఎదురెదురుగా పెట్టకూడదు, పక్కపక్కనా పెట్టకూడదు. మధ్యలో కాస్త చెవుడున్న పెద్దమనిషి ఉంటే మంచిది. బల్ల గుండ్రంగా ఉంటే పెద్దపీట ఎవరిదన్న పేచీ రాదు.

పిలుపు దగ్గర జాగ్రత్త. మా పద్ధతిలో రెండు దేశాలకీ ఒకే లేఖ ఒకే రోజున వెళ్లాలి. అందులో నేను, నువ్వు అనే మాటలుండవు. నమూనా ఒకటి జతచేశాను.

ఇట్లు,
చిట్టి

తా.క.: చెవుడున్నవాళ్లు దొరక్కపోతే కవి అయినా ఫరవాలేదు. ఎదుటివాళ్ల మాట ఆయనా వినడు.

*

చిట్టికి ఆశీస్సులు.

వడ్రంగిని పిలిచి మన భోజనాల బల్ల మూలలు కోయించాను. ఒక పక్క కోస్తే ఇంకో పక్క ఎక్కువైంది. అలా కోయించగా కోయించగా గుండ్రంగా వచ్చింది. ఇప్పుడు నలుగురు పడతారు, మోచేతులు దగ్గర పెట్టుకుంటే.

నీ నమూనా అద్భుతం. దస్తావేజులు రాసేచోట టైపు చేయించి, ఇద్దరికీ రిజిస్టరు పోస్టులో పంపాను. ఇలా రాయించాను: "చెల్లెలు తన సోదరునికి అభివాదములు తెలుపుచు, ఈ నెల ఇరవయ్యవ తేదీ పగలు పన్నెండు గంటలకు, ఉభయపక్షములకు ప్రాముఖ్యముగల విషయమై తన గృహమునకు హాజరు కావలసినదిగా కోరుచున్నది." ఇద్దరూ అందినట్టు సంతకాలు పెట్టారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. మీ దేశాలూ ఇంతేనా?

ఇట్లు,
పిన్ని

తా.క.: చెవుడున్న పక్కింటి మాస్టారు వస్తానన్నారు. భోజనానికి అంటే మొదటిసారికే వినిపించింది.

*

పిన్నికి నమస్కారాలు.

కొంప మునిగింది. నీ ఉత్తరం ఇవాళే అందింది. ఇవాళే ఇరవయ్యో తేదీ. దస్తావేజులు రాసేచోట టైపు కొట్టించి, ఉభయపక్షములంటూ, హాజరు కమ్మంటూ రిజిస్టరు పోస్టులో పంపితే ఎవరైనా ఏమనుకుంటారు? తాతయ్య ఇంట్లో వాటాకి లాయరు నోటీసు ఇచ్చావనుకుంటారు. ఆ నమూనా అన్నయ్యలకి రాసేది కాదు, ఓడరేవుల గురించి దేశాలు రాసుకునేది. నేనే విడమరిచి చెప్పాల్సింది.

ముప్ఫయ్యేళ్లు ఎక్స్ఛేంజిలో ఊరందరి ఫోన్లూ కలిపావు, ఇంట్లో మాత్రం ఫోన్ వద్దన్నావు. ఇప్పుడు నీకెలా చెప్పను? మధ్యాహ్నమంతా మంచులోకి చూస్తూ కూర్చున్నాను. నువ్వు ఒక్కదానివీ ఆ చిన్న బల్ల ముందు కూర్చుని గుమ్మంకేసి చూస్తున్నట్టే అనిపించింది. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి. నీ పక్కన ఉండాల్సినదాన్ని. చాలా బెంగగా ఉంది.

చిట్టి

తా.క.: కవరు మీద అత్యవసరం అని రాశాను. మా ఆఫీసులో అలా రాసినవన్నీ సంచి అడుగున వేస్తారు.

*

చిట్టికి ఆశీస్సులు.

నువ్వనుకున్నట్టే అయింది. పెద్దన్నయ్య ఆ కాగితం పట్టుకుని తిన్నగా చిన్నన్నయ్య ఇంటికి వెళ్లాడట. పదకొండేళ్ల తర్వాత మొదటి మాట, "నీకూ వచ్చిందా?" నాలుగు రోజులు ఒకే అరుగు మీద కూర్చుని నాకు జవాబు తయారుచేశారు. ఇరవయ్యో తేదీన ఒకే ఆటోలో దిగారు, మధ్యలో లాయరుగారితో.

అది నోటీసు కాదు, భోజనానికి పిలుపని చెప్పాక, నా బల్ల చుట్టూ మోకాళ్లు తగులుతుండగా భోంచేశారు. మాస్టారు సొట్ట కుర్చీ వేసుకుని గుమ్మంలో తిన్నారు. చేతులు కడుక్కున్నాక చెప్పాను. ఎక్స్ఛేంజిలో నా పక్క బోర్డు మీద పనిచేసినాయన్ని పెళ్లి చేసుకుంటున్నానని. ఆయనకి అరవై రెండు, నాకు యాభై తొమ్మిది. ఇరవయ్యేళ్లు పక్కపక్కన కూర్చుని లోకంలో అందరికీ హలో చెప్పాం, ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఇద్దరూ ఒక్క గొంతుతో వద్దన్నారు. వాళ్లు ఒక్కమాట మీద ఉండడం చూసి నాకు ఏడుపొచ్చింది. కాదన్నందుకు ఏడుస్తున్నాననుకుని కంగారుపడ్డారు. పెద్దన్నయ్య, "సరే, నీ ఇష్టం" అన్నాడు. చిన్నన్నయ్య వెంటనే, "మా ఇష్టం కూడా" అన్నాడు.

రిజిస్ట్రారు ముగ్గురు సాక్షులు కావాలన్నారు. మొదటి గీత మీద సంతకం ఎవరిదన్న మాట వచ్చింది. ఇద్దరూ వరండాలోకి వెళ్లి చాలాసేపు మాట్లాడుకుని వచ్చారు. మొదటి గీత నీదట. రెండో గీత ఎవరిదో ఇంకా తేలలేదు. పెళ్లికి నెల గడువుంది. సెలవు పెట్టి రా.

ఇట్లు,
పిన్ని

తా.క.: ఈ సంగతే వాళ్లిద్దరూ కలిసి నీకు రిజిస్టరు పోస్టులో పంపారు. హడలిపోయి లాయరు దగ్గరికి వెళ్లకు.