పైనుంచి కనపడని ఇల్లు

మార్చి 3, మంగళవారం

ఈయన ఆఫీసు లాప్‌టాప్ ఇంటికి తెచ్చారు. రైలుకట్ట పక్క ఇళ్లన్నీ తీసేస్తారట. పదేళ్ల కిందటి శాటిలైట్ ఫొటోల్లో కప్పు కనపడితే వేరే చోట ఇల్లిస్తారు. కనపడకపోతే ఏమీ ఇవ్వరు. ఆరువందల ఇళ్లు చూడాలి. ఈయనకు కళ్లు మంటలు. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తావుగా, కాస్త చూసిపెట్టు అన్నారు. నేను చదివింది ఆరో తరగతి. మౌస్ పట్టుకోవడానికి జంకాను. అదేమన్నా కరుస్తుందా అని నవ్వారు.

అమ్మ ఇల్లూ ఆ కట్ట పక్కనే. ఏదని అడిగాను. ఇందులో పేర్లుండవు, నంబర్లే అన్నారు. పైనుంచి అన్నీ అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. అయినా పోయిన నాన్న కట్టిన ఇల్లు, పదిహేనేళ్లయింది, మాకేం భయం?

మార్చి 5, గురువారం. మధ్యాహ్నం

స్లైడర్ ఎడమకు జరిపితే ఏళ్లు వెనక్కి పోతాయి. ఇళ్లు ఒకటొకటే మాయమవుతాయి. వానాకాలం ఫొటోల్లో అన్నీ మబ్బులే. ఎండాకాలానివి తేటగా ఉంటాయి, అవే చూడమన్నారు. కప్పుంటే పచ్చ చుక్క. లేకపోతే ఎర్ర చుక్క.

మార్చి 7, శనివారం

ఇవాళ ముప్ఫై ఒక్క ఎర్ర చుక్కలు. నీ దగ్గర ఎవడి ఆటలూ సాగవు అన్నారు ఈయన. సిగ్గేసింది. సంతోషం కూడా.

మార్చి 19, గురువారం

ఇళ్లు ఇచ్చేవాళ్ల జాబితా అంటించారు. అన్నయ్య ఫోన్ చేశాడు. అమ్మ పేరు లేదట. మా నంబరు 214 అట. మనం గాల్లో కాపురం ఉన్నామా చెల్లీ, మీ ఆయన్ని అడుగు అని అరిచాడు.

ఫోన్ పెట్టేసి లాప్‌టాప్ తెరిచాను. 214. ఎర్ర చుక్క. నేను పెట్టిందే.

కప్పు లేదు, గోధుమరంగు నేల. బొమ్మను పెద్దది చేసి చూశాను. అది నేల కాదు, గడ్డి. ఎండాకాలం రేకులు కాలిపోతాయని అమ్మ ఎండుగడ్డి పరిచి, ఎగిరిపోకుండా పాత వల కప్పేది. నిచ్చెన మీద నిలబడి మోపులు అందించింది నేనే. వానలు మొదలవగానే తీసేసేవాళ్లం. వానలు మొదలైతే ఫొటోలో మబ్బులు.

నెల నెలా జరిపి చూశాను. ఆ ఏడాది అక్టోబరు ఫొటోలో, మబ్బు అంచున చిన్న మెరుపు. మా రేకు. ఒక్క మూల.

మార్చి 20, శుక్రవారం

ఈయనకు చెప్పాను. తింటున్న పళ్లెం పక్కకు జరిపారు. అత్తయ్య ఇల్లు కాబట్టి మార్చానంటారు, ఆరువందలూ మళ్లీ తవ్వుతారు, పెళ్లాం చేత చేయించానని బయటపడితే ఈ కాంట్రాక్టు ఉద్యోగం కూడా ఊడుతుంది అన్నారు. పాత కరెంటు బిల్లేమన్నా ఉందా అన్నారు. మీటరు పెట్టి ఆరేళ్లే. నోరు జారకు అన్నారు. కోపంగా కాదు. బతిమాలుతున్నట్టు.

మార్చి 24, మంగళవారం. సాయంత్రం

అమ్మతో ఆఫీసుకు వెళ్లాను. మేం ఈయనకు ఏమవుతామో అక్కడ ఎవరికీ తెలియదు. పెద్దసారు స్క్రీన్ మావైపు తిప్పి, నీ ఇల్లెక్కడో చూపించమ్మా అన్నాడు. అమ్మ కొంగుతో స్క్రీన్ తుడిచింది. నేనెప్పుడూ అంత పైకెక్కలేదు సారూ, వీధిలోంచైతే చూపిస్తా అంది. గదంతా నవ్వారు. వాళ్ల దయ కోసం అమ్మ కూడా నవ్వింది. గడ్డి సంగతి చెప్పింది. గడ్డి కింద ఇల్లుందని ఫొటో చెప్పదు కదమ్మా అన్నాడు పెద్దసారు. పక్క టేబుల్ వైపు తిరిగి, వేరే నెలది ఏమన్నా ఉందా అని ఈయన్ని అడిగాడు.

ఈయన కీబోర్డునే చూస్తూ, అన్నీ మబ్బులే సార్ అన్నారు.

అక్టోబరు అన్న ఒక్క మాట. నాలుక మీదే ఉంది. నేను కొత్తవాళ్ల మధ్య బెదిరిపోయాననుకుని అమ్మ నా చెయ్యి పట్టుకుంది. పోనీలే, పద తల్లీ అంది.

వెళ్లిపోయాం.

మార్చి 25, బుధవారం

అమ్మకు తెలియదు. అందుకే ఇంకా నాతో మాట్లాడుతోంది.

ఏప్రిల్ 9, గురువారం

పడగొట్టారు. అన్నయ్య పనిచేసే వెల్డింగ్ షెడ్డులో ఓ మూల ఉంటున్నారు అమ్మా, అన్నయ్యా. నేను వెళ్లలేదు. ఈయన నాకు కొత్త చెప్పులు తెచ్చారు. సరిగ్గా సరిపోయాయి.

మే 12, మంగళవారం

కొత్త ఫొటో వచ్చింది. మా గచ్చు తేటగా కనపడుతోంది. ముందుగది, వంటగది, మధ్యన గడప గీత. అక్కడ ఇల్లు ఉండేది కాదని ఇప్పుడు ఎవరూ అనలేరు.