ఆ ఏడు వారాలు

తెల్లాపూర్,
మంగళవారం

అమ్మా,

ఫోను ఎత్తడం లేదని కోపం తెచ్చుకోకు. నోటితో చెప్పలేనిది ఒకటుంది. అందుకే తమ్ముడి చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

రసజ్ఞ పోయి నేటికి పదమూడు రోజులు. నాకు పాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. పొద్దున పనికొచ్చిన ఈరమ్మ చూసి, "గిట్ల కూసుంటే ఎట్ల మేడం? జర పిండి పారబొయ్యి, లేకుంటే జ్వరమొస్తది" అంది. సింకులో పారబోశాను.

పెద్దవాళ్ళకు ఉత్త జలుబుగా వచ్చి పోయే వైరస్ నా నలభై రోజుల పిల్ల ఊపిరి ఎలా ఆపిందని డాక్టరు గారిని అడిగాను. పసివాళ్ళ ఒంట్లో కణాలకు ఇంకా పోరాడటం సరిగ్గా రాదట. తల్లి రక్తంలోంచి వచ్చిన యాంటీబాడీలే కొన్ని నెలలు వాళ్ళను కాస్తాయట. అవి ఎక్కువగా చేరేది కడుపులో ఉన్న చివరి వారాల్లోనేనట. ఏడు వారాలు ముందు పుట్టింది కదా, అందిందే తక్కువ అన్నారు.

ముందే ఎందుకు పుట్టిందో నీకు తెలియదు. అవినాష్‌కీ తెలియదు. ఎనిమిదో నెలలో డాక్టరు మంచం దిగొద్దని రాసిచ్చారు. ఆ చీటీ లాప్‌టాప్ బ్యాగులో దాచి, మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయ్యేదాకా తొమ్మిది రోజులు ఆఫీసుకు వెళ్ళాను. పదో రోజు మీటింగులోనే నొప్పులు మొదలయ్యాయి. నా బిడ్డకు దక్కాల్సింది నేనే దక్కనివ్వలేదు. ఇప్పుడు అవినాష్ నా తల నిమురుతుంటే భరించలేకపోతున్నాను. నిజం చెప్పేసి ఈ ఇంట్లోంచి వెళ్ళిపోదామనుకుంటున్నాను.

నీ కిరణ్మయి

బాచుపల్లి,
బుధవారం

బంగారు తల్లీ,

నీ తప్పేం లేదే. తప్పంతా నాది. బారసాలకు వచ్చినప్పుడు నాకు జలుబు, ఒళ్ళు వెచ్చగా ఉంది. చెబితే పిల్లనెత్తుకోనివ్వరని మాత్ర మింగి నోరు మూసుకున్నాను. ఉయ్యాల్లో వేసి ముద్దుపెట్టుకుంది నేనే. ఆ మాయదారి రోగం నా దగ్గర్నుంచే అంటింది. అల్లుడుగారికి ఈ సంగతే చెప్పు, చీటీ ఊసెత్తకు. తిట్టుకుంటే ఇద్దరూ నన్నే తిట్టుకోండి. నువ్వు మాత్రం గడప దాటకు.

అమ్మ

తెల్లాపూర్,
శుక్రవారం

అమ్మా,

నీకు జలుబు లేదు. బారసాలకు వచ్చి నాలుగు రోజులున్నావు, నీ పక్కనే పడుకున్నాను. జలుబు చేస్తే నువ్వు పెట్టే గురకకు పై ఫ్లాటు వాళ్ళు కూడా లేస్తారు. ముద్దు కూడా చేతులు కడుక్కొచ్చి పాదాలకే పెట్టావు. అబద్ధమని తెలిసీ నీ ఉత్తరం పట్టుకుని ఇన్ని రోజుల్లో మొదటిసారి గట్టిగా ఏడ్చాను.

నిన్న అవినాష్‌కు చీటీ చూపించాను. రెండుసార్లు చదివాడు. బట్టలు సర్దుకుని గోపన్‌పల్లిలో వాళ్ళ అన్నయ్య ఇంటికి వెళ్ళిపోయాడు. వస్తాడో రాడో తెలియదు.

నువ్వు రాసిందే చెప్పి ఉంటే ఆగేవాడేమో. కానీ మా బిడ్డ ప్రాణం తీసింది మా అమ్మేనని అతను జన్మంతా అనుకునేవాడు. అది నా వల్ల కాలేదు.

ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. రా అమ్మా.

కిరణ్మయి