ఆజ్ఞ లేకపోతే

ప్రియమైన మనవడికి అమ్మమ్మ ఆశీస్సులు.

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, మీ అమ్మా, గోడ గడియారమూ. నువ్వూ, నువ్వు పాస్టరుగా కాస్తున్న ఆ మందా క్షేమమని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాళ్ళు ఉన్నాయి, రెండూ. కొత్త కళ్ళజోడు వచ్చింది. మీ అమ్మ మొహంలో విసుగు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. ఇక మూడోది, నర్సింగు కాలేజీలో నేను ఖాళీ చేసిన నీతి పాఠాల ఉద్యోగం ఎవరికిచ్చారని. దానికి వస్తాను. ముందు నన్ను తేరుకోనీ.

ఆ రోజు ఆ ఉద్యోగం కోసం వచ్చిన మీ ఇద్దరి చేతా పాఠాలు చెప్పించి చూశారు కదా. 'ఒకడు నా మనవడు, వాడి గురించి నన్నేమీ అడగొద్దు' అని ప్రిన్సిపాలమ్మకు ముందే చెప్పి, వెనక బెంచీలో కూర్చున్నాను. నువ్వు ముందు లేచావు. ఎంత చక్కగా మొదలుపెట్టావురా! గర్వంతో నా వంగిన నడుం కూడా నిటారైంది. అంతలో ఆ బక్కపిల్ల లేచింది.

"సార్, నిన్న వార్డులో ఒకడు నా మొహాన ఉమ్మేశాడు. పెళ్ళాన్ని కొట్టబోయి మెట్లమీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అస్తమానం అటూ ఇటూ తిప్పకపోతే వాడి వీపంతా పుండవుతుంది. నేనెందుకు తిప్పాలి?"

"దేవుడు ఆజ్ఞాపించాడు కాబట్టి" అన్నావు నువ్వు.

"ఆజ్ఞాపించకపోతే?"

"అప్పుడు తిప్పక్కర్లేదమ్మా. ఏది మంచో ఆయన ఇష్టమే చెబుతుంది. వదిలెయ్యమంటే వదిలెయ్యడమే మంచి."

నా కళ్ళజోడు జారి కింద పడింది. నువ్వు చూసి నవ్వావు, ముసలిది కునుకు తీసిందనుకున్నావేమో. నాయనా, నా జన్మలో అంత మెలకువగా ఎప్పుడూ లేను.

నువ్వు బస్సుకు టైమైందని వెళ్ళిపోయావు. తర్వాత వచ్చినవాడిది గళ్ళచొక్కా. అంతకుముందు జీవశాస్త్రం చెప్పేవాడట. దేవుణ్ణి నమ్మనని దరఖాస్తులోనే రాశాడు. ఇలాంటివాణ్ణి గుమ్మం ఎక్కనిచ్చారేమిటని ప్రిన్సిపాలమ్మను కడిగేసినదాన్ని నేనే. బక్కపిల్ల అతన్నీ వదల్లేదు. "మీకు దేవుడు కూడా లేడు కదా సార్, మీరెలా తిప్పిస్తారు?"

"కదల్లేని ఒళ్ళు పుండవుతుంది, వాడిదైనా నీదైనా. పుట్టినప్పుడూ జబ్బుపడినప్పుడూ పక్కవాళ్ళ చెయ్యి లేకపోతే బతకలేని ప్రాణి మనిషి. నీళ్ళు పీల్చని వేరు చెడ్డ వేరు. పడ్డవాడికి చెయ్యి అందించని మనిషీ అంతే, మనిషిగా చెడిపోయినట్టు."

"పిల్లి తన పిల్లల్నే తినేస్తుంది. అదీ స్వభావమేగా?"

"నువ్వు పిల్లివా? పిల్లి 'ఎందుకు' అని అడగదు. నువ్వు ఇందాకట్నుంచీ అదే పనిమీద ఉన్నావు."

క్లాసంతా గొల్లుమంది. నేను మాత్రం ముందుకు వంగి విన్నాను. అది నా పాఠం! దేవుడు ప్రతి ప్రాణికీ దానికి తగిన మేలు ఒకటి పెట్టాడు, మనిషి మేలేమిటో బుద్ధి ఉన్నవాడెవడైనా చూసి తెలుసుకోవచ్చు, అదే ఆయన మన గుండెల్లో రాసిన ధర్మం అని రిటైరయ్యేదాకా ఆ గదిలోనే చెప్పాను. ఇతను రాసినవాడి పేరు కొట్టేసి, రాసింది మాత్రం పొల్లు పోకుండా చదువుతున్నాడు. ఆయన సేవకుడివి, నువ్వేమో పేరొక్కటీ ఉంచి రాసిందంతా తుడిచేశావు.

ఊరుకుంటానా? లేచాను. "నీళ్ళు పీల్చని వేరును ఎవరూ నిందించరు బాబూ, పీకేస్తారంతే. ఈ పిల్ల తిప్పకపోతే మాత్రం తప్పంటున్నావు. ఆ తప్పుకు ఎవరికి జవాబు చెప్పాలి?"

తల గోక్కున్నాడు. "నేనూ అక్కడే ఆగిపోయానండీ. జవాబు చెప్పాలని తెలుస్తోంది. ఎవరికో తెలియట్లేదు."

నాకు తెలుసు. ఆ ఒక్క మెట్టు మీద నిలబడి అతనితో నేను చచ్చేదాకా పోట్లాడగలను. నీతో పోట్లాడదామంటే కాలు పెట్టే చోటే దొరకలేదు.

ఇక దాచను. సాయంత్రం ప్రిన్సిపాలమ్మ, నాకిచ్చిన మాట ప్రకారం నీ ఊసెత్తకుండా, అతని గురించే అడిగింది. "విశ్వాసం లేనివాడు. మన పిల్లల్ని అప్పగించమంటారా?" అంది. 'ఏదో, పర్వాలేదు' అని నసిగి ఉంటే ఉద్యోగం నీదే. నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. "నేను మంచాన పడితే, అతను నేర్పిన నర్సును పంపండి" అన్నాను. దాంతో తేలిపోయింది. కాలేజీవాళ్ళ ఉత్తరం కంటే ముందు నా ఉత్తరం నీకు అందాలి. ఉద్యోగం వస్తే నువ్వు ఈ ఇంటికే వచ్చేస్తావని పైగదికి రంగు కూడా వేయించాను. అప్పట్నుంచి మీ అమ్మ నాతో మాట్లాడటం లేదు. కాబట్టి పైన కులాసా అని రాసింది గడియారం ఒక్కదానికే వర్తిస్తుంది.

ఉద్యోగాలు వస్తాయి, పోతాయి. 'వదిలెయ్యడమే మంచి' అన్న ఆ మాట నువ్వు నమ్మే అన్నావేమోనని నా భయం. మీ తాతయ్య మంచాన పడేనాటికి నీకింకా మీసం రాలేదు. బడి నుంచి వచ్చి, భుజాన సంచీ దించకుండానే ఆయన్ని పక్కకు తిప్పేవాడివి. నొప్పికి ఆయన నిన్ను నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఆ రోజుల్లో నువ్వు దేవుడు లేడని, చర్చికి రానని మొండికేసేవాడివి కూడా. ఆ పిల్లాడికి ఎవరు ఆజ్ఞాపించారో నాకు రాయి. నన్ను తిట్టుకుంటూ అయినా సరే, రాయి.

ఇట్లు,
నీ నోటి దగ్గర కూడు లాగేసిన
అమ్మమ్మ