కొండకు చెప్పిన పేరు

చిరంజీవి కెర్తాకు నీ అయ్య దీవించి, ఎవరి చేతా రాయించకుండా తానే రాస్తున్నది.

కెర్తా అనే రాశాను. పొరపాటున కాదు. హజ్‌కి వెళ్ళొచ్చినవాళ్ళు కొత్త పేరు పెట్టుకుంటారు, నువ్వూ పెట్టుకున్నావు. దానికి నేనేమీ అనను. కానీ ఆరోజు ఇంటి నిండా చుట్టాలుండగా "ఇకనుంచి నన్ను హాజీ జునైదీ అనండి, పాత పేరు వద్దు" అన్నావే, నన్నొక్క మాట అడిగావా? ఆ పేరు నీ ఒక్కడిదే అనుకున్నావు. మన సెంబలూన్ ఊళ్ళో తల్లిదండ్రుల్ని బిడ్డ పేరుతోనే పిలుస్తారు, నువ్వు పుట్టిన దగ్గర్నుంచి నేను కెర్తా అయ్యను, మీ అమ్మ కెర్తా అమ్మ. అంతకుముందు నాకున్న పేరుతో పిలిచేవాళ్ళంతా పోయారు. నువ్వు నీ చొక్కా విప్పుకున్నాననుకున్నావు, నా ఒంటిమీదది కూడా పోయింది. ఇప్పుడు కుర్రాళ్ళు "హాజీగారి అయ్యా" అని పిలుస్తారు. నేను తల తిప్పను. చెవుడొచ్చిందని చెప్పుకుంటున్నారట. చెప్పుకోనీ. ఇన్నేళ్ళూ ఇది కడుపులో పెట్టుకున్నాను, ఇవాళ రాసేశాను.

ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. మాతారం పట్నంలో మీరూ అలాగే ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలిసింది. కోడలికి పాలు బాగా పడుతున్నాయన్నావు, మీ అమ్మ సంతోషపడింది. మునగాకు పంపుతోంది, వండుకోమను. పేరు సంగతిలో మీ అమ్మకు నా బాధ లేదు. "ఏ పేరుతో పిలిస్తే నాకేం, ఆకలేస్తేనేగా పిలుస్తావు" అంటుంది.

వెల్లుల్లి ఎలా ఉందని అడిగావు. గడ్డ చిన్నదే, ఘాటు బాగుంది. తవ్వి కట్టలు కట్టి అటక మీద వేలాడదీశాం. దగ్గు పోయింది. మోకాలి గురించి తర్వాత రాస్తాను.

"ఇప్పటికైనా కొండెక్కడం మానేశావా అయ్యా" అని అడిగావు. మానలేదు. పోయిన వారం కొసదాకా వెళ్ళొచ్చాను.

కోప్పడకు. ఎందుకు వెళ్ళానో నీకు తెలిసే ఉండాలి. మన ఇంట్లో మగవాడి పేరు మారితే పైకెళ్ళి కొండకు చెప్పుకోవాలి. నేను పుట్టినప్పుడు మా అయ్య వెళ్ళాడు. నువ్వు పుట్టినప్పుడు నేను వెళ్ళాను. నువ్వు పేరు మార్చుకున్నప్పుడు మాత్రం వెళ్ళలేదు. వెళ్ళి ఏమని చెప్పను, నా పేరు పోయిందనా? ఇప్పుడు నీకు కొడుకు పుట్టాడు. ఇక నేను వాడి తాతగానే పిలిపించుకోవాలి, చచ్చేదాకా అదే పేరు. నువ్వేమో పిల్లాడికి జుట్టు తీసే రోజునే పేరు ఖాయం చేస్తానని రాశావు. ఆ లోపల వానలు పడతాయి, దారి మూసేస్తారు. దారి మళ్ళీ తెరిచేదాకా నా కాళ్ళలో సత్తువ నిలవదు.

మోతగాడు రెతీ అయ్య తోడొచ్చాడు. కావడికి ఒకవైపు బియ్యం, ఎండుచేప, ఇంకోవైపు గిన్నెలు కట్టుకున్నాడు. నన్ను ఏదీ మోయనివ్వలేదు. దారి మొదట్లో కాపలా కుర్రాడు అడ్డం వచ్చాడు.

"తాతా, నీ పేరు?"

"దానికోసమే పైకి పోతున్నా. దిగాక చెప్తా."

"రాసుకో నాయనా," అన్నాడు రెతీ అయ్య, "పేరు లేని ముసలాడొకడు, వాణ్ణి కాసే వెర్రివాడొకడు."

గడ్డి మైదానం బాగానే నడిచాను. అడవి దాటి కొండ నోటి అంచు మీద పడుకున్నాం. మర్నాడు కొండ కక్కిన బూడిద వాలు. నీకూ తెలుసుగా, అడుగు వేస్తే సగం వెనక్కి జారుతుంది. బయటి దేశాలవాళ్ళు రెండు కర్రలు పొడుచుకుంటూ నన్ను దాటిపోయారు. పోనిచ్చాను. ఒకప్పుడు ఇలాంటివాళ్ళ సామాను మోస్తూ వాళ్ళకంటే ముందు చేరేవాణ్ణి. ఈసారి చివరి వాలు చేతులతో పాకి ఎక్కాను.

పైన గాలి. కింద చెరువు నీలంగా ఉంది, ఎప్పటిలాగే. నేను చెప్పులు విడిచి నిలబడ్డాను.

"నేనొచ్చాను. తాతనయ్యాను" అన్నాను.

అంతటితో దిగిపోదామనుకున్నాను. రెతీ అయ్య బీడీ ముట్టించుకుంటూ, "ఎవరి తాతవి? ఇలాంటి ముసలాళ్ళు దీనికి రోజూ కనపడతారు. సరిగ్గా చెప్పు" అన్నాడు.

నీ ఉత్తరంలో అనుకుంటున్నామని రాసిన పేరు గుర్తు తెచ్చుకుందామని చూశాను. నాలుగు మాటల పేరు. మొదటి మాట వచ్చింది, రెండోది దగ్గర నాలుక ఆగింది. అక్కడ తప్పు పలకకూడదు. నోట్లో ఉన్న పేరు ఒక్కటే. గట్టిగానే అన్నాను.

"కెర్తా తాతను."

రెతీ అయ్య నవ్వలేదు. "చెప్పేశావా" అన్నాడు.

చెప్పేశాను. నువ్వు వద్దన్న పేరే నీ కొడుక్కి పెట్టి వచ్చాను. నువ్వు వదిలేశావు కాబట్టి అది ఖాళీగానే ఉంది, ఎవరి దగ్గరా లాక్కోలేదు. నిన్ను అడగలేదు, నిజమే. నువ్వూ నన్ను అడగలేదు.

వెళ్ళి దిద్దుకురా అంటావేమో. అది కుదరదు. మోకాలి సంగతి ఇప్పుడు రాస్తున్నాను. దిగేటప్పుడు బూడిదలో కాలు మెలిపడింది. నిలబడలేకపోయాను. రెతీ అయ్య తన సామాను వేరే మోతగాళ్ళకిచ్చి, నన్ను దుప్పటిలో కట్టి వీపున వేసుకున్నాడు. జీవితమంతా ఊరివాళ్ళ బరువులు మోసిన నేను, బరువునై ఊళ్ళోకి వచ్చాను. చీకటి పడేదాకా ఊరి బయట కూర్చోబెట్టమన్నాను, ఎవరూ చూడకుండా. మీ అమ్మకు కొండ దిగొచ్చాక పొలం గట్టు మీద జారానని చెప్పాను. నువ్వూ అదే చెప్పు. ఇక నేను ఆ కొండ ఎక్కను. అక్కడ నా పేరు ఏమని ఉందో అదే ఉంటుంది. కింద కూడా అదే ఉంటుందా, వేరేదా అన్నది నీ చేతిలో ఉంది.

మీ గురువుగారు చెప్పిన ఆ నాలుగు మాటల పేరూ పెట్టుకో, వద్దనను. దాని పక్కన ఇది కూడా పెట్టు. ఇంట్లో పిలుచుకునేది ఇదే కావాలి.

వచ్చే శుక్రవారం లోపల నీ జవాబు నాకు అందాలి. జుట్టు తీసేది ఆదివారం కదా, ఆ తర్వాత వస్తే నాకు అక్కర్లేదు. లోపల ఏమీ రాయకపోయినా పరవాలేదు. కవరు మీద నా పేరు రాయి. ఏ పేరు రాశావో చూసి విప్పాలా వద్దా అని నేను తేల్చుకుంటాను.

ఇట్లు,
నీ అయ్య