ఆవిడకు పేరుంది

ప్రాగ్, 2000 సెప్టెంబరు 18

ప్రియమైన అమ్మా,

ఫోనులో చెబితే మధ్యలోనే పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. కూర్చుని చదువు.

నిన్న అమ్మమ్మను చూశాను.

కంగారు పడకు, నాకు మతి పోలేదు. మా బడిలో చరిత్ర చెప్పే వ్లాస్తా రమ్మంటే తోడుగా గ్యాలరీకి వెళ్ళాను. రెండో అంతస్తులో రెండు కిటికీల మధ్య గోడ మీద ఉంది. ఆకుపచ్చ పట్టు గౌను, కుడిచేతికి తోలు తొడుగు, ఎడమచెయ్యి ఖాళీ. నీ మంచం పక్కన చిన్న ఫోటోలో ఉన్న ముఖమే. ఆ పైపెదవి నీది, నాది. వ్లాస్తా బొమ్మను చూసి, నన్ను చూసి, నా మోచెయ్యి పట్టుకుంది.

కింద ఇత్తడి రేకు మీద చిత్రకారుడు రైనర్ పేరు, 1931 సంవత్సరం, దాని కింద 'చేతి తొడుగుతో తెలియని స్త్రీ' అని ఉంది.

తెలియని స్త్రీ ఏమిటమ్మా! త్రెబీచ్‌లో తొడుగులు కుట్టి అమ్మిన వాల్తర్ ఫాంట్ల్ భార్య ఒటీలియా. ఎవరికి తెలియదట? వీధి వీధంతా తెలుసు. ఆవిణ్ణి బండెక్కించిన వాళ్ళకు కూడా పేరుతో సహా తెలుసు.

చిన్నప్పుడు నేనెప్పుడు అడిగినా "జర్మన్లు పట్టుకుపోయారు, ఆ మాట ఇక వద్దు" అనేదానివి. ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది, అప్పట్లో యూదుల దగ్గర లాక్కున్నవి తిరిగి అడగవచ్చు. నేను అడుగుతాను. ఎగోన్ మావయ్య ఉంటే సాక్ష్యానికి పనికొచ్చేవాడు. కానీ ఇజ్రాయెల్‌లో హైఫాకు వెళ్ళి, సొంత అక్కకు ఒక్క ముక్క రాయని మనిషి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

నీ జ్ఞాపకంలో ఉన్నదంతా రాసి పంపు.

నీ
దాషా

*

త్రెబీచ్, సెప్టెంబరు 25

నా చిట్టితల్లీ దాషా,

నీ ఉత్తరం అందింది. మోకాళ్ళు అలాగే ఉన్నాయి. ఈ ఏడాది ప్లమ్ పళ్ళు బాగా కాశాయి, నీకు ఇష్టమని మురబ్బా పెట్టాను, నాలుగు సీసాలు.

బొమ్మ సంగతి వదిలెయ్యమ్మా. గోడ మీద క్షేమంగా ఉందన్నావు కదా, అంతే చాలు. వానకు తడవదు, ఎండకు మాడదు. నువ్వు ఆఫీసుల చుట్టూ తిరిగి ఆరోగ్యం పాడుచేసుకోకు.

మావయ్యను ఏమీ అనకు. నీకు తెలియదు.

అమ్మ ఆ గౌను అరువు తెచ్చుకుంది. అది మాత్రం చెప్పగలను.

ప్రేమతో
అమ్మ

*

ప్రాగ్, అక్టోబరు 20

ప్రియమైన అమ్మా,

వదలలేదు. వదలను కూడా.

గ్యాలరీలో ఈ వ్యవహారాలు చూసే డాక్టర్ హోరాచెక్‌ను కలిశాను. నునుపైన మనిషి, మాట వెన్నపూస. కాఫీ ఇచ్చాడు. "చూడండి మేడం, పోలికలు వేరు, ఆధారాలు వేరు" అన్నాడు.

ఆధారం చూపించాను. పాత రికార్డుల్లో వెతికితే దొరికింది. 1942 మే నెలలో మనింట్లో జర్మన్లు రాసుకున్న జాబితా. కుట్టుమిషన్లు మూడు, సోఫా ఒకటి, పిల్లల మంచాలు రెండు, స్త్రీ చిత్రం చట్రంతో సహా ఒకటి. పక్కన నంబరు 417. దొంగలైనా లెక్క తప్పలేదు.

"ఏ స్త్రీ చిత్రమో రాయలేదే" అన్నాడు.

"నంబరు బొమ్మ వెనక రాసే ఉంటారు. తిప్పి చూద్దాం రండి."

"వెనకవైపు సందర్శకుల కోసం కాదు మేడం."

"నేను సందర్శకురాలిని కాదు, మనవరాలిని."

"అది రుజువు కావలసిన విషయం. ముందు మీ అమ్మమ్మగారు, తాతగారు మరణించినట్టు ధ్రువపత్రం తెండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "వాళ్ళను పంపిన చోట పత్రాలు ఇచ్చేవాళ్ళు కాదండీ" అన్నాను.

"నా ఉద్దేశం అది కాదు. పత్రం లేనంతవరకు చట్టం దృష్టిలో వాళ్ళు బతికున్నట్టే."

"అలాగా! అయితే మా అమ్మమ్మకు ఈ ఏడాది నూరేళ్ళు. చట్టాన్నే పంపి వెతికించండి. దొరికితే ఆవిడే వచ్చి తన బొమ్మ తనే తీసుకుపోతుంది."

కాఫీ తాగకుండా వచ్చేశాను. అమ్మా, ఆ పత్రం నీ దగ్గర ఏమైనా ఉందా?

నీ
దాషా

*

త్రెబీచ్, అక్టోబరు 24

దాషా తల్లీ,

పత్రం కావాలన్నాడా? పత్రం!

ఉంది. కవరులో పెట్టాను, నకలు తీయించుకో, అసలు వాడి చేతికివ్వకు. 1946లో కోర్టులో నిలబడి మా అమ్మా నాన్నా చనిపోయారని ప్రమాణం చేశాను. నాకప్పుడు ఇరవై రెండు. ఎగోన్‌కు పద్దెనిమిది, పక్కన నిలబడి దగ్గుతున్నాడు. జడ్జి "మీరు కళ్ళారా చూశారా?" అని అడిగాడు. "పొగ చూశాను" అన్నాను. గుమాస్తా తలెత్తి జడ్జి వంక చూశాడు. అది రాసుకోలేదు. 'సాక్షి ధ్రువీకరించినది' అని మాత్రం రాసుకున్నాడు.

ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ అదే ప్రశ్న. యాభై నాలుగేళ్ళలో వీళ్ళ కుర్చీలు మారాయి గానీ ప్రశ్న మారలేదు.

నీకు కావలసిన గుర్తులు రాస్తున్నాను. నాకు ఏడేళ్ళు. రైనర్ మా దుకాణంలో చలికాలపు తొడుగులు తీసుకుని, డబ్బుకు బదులు బొమ్మ వేస్తానన్నాడు. అమ్మ రెండు తొడుగులూ వేసుకుని కూర్చుంది. మూడోరోజు ఎగోన్ కిందపడి ఏడిస్తే, ఒకటి విప్పేసి వాడి ముక్కు తుడిచింది. "కదలకండి, అలాగే ఉండండి" అన్నాడు రైనర్. అందుకే ఎడమచెయ్యి ఖాళీ. పెద్ద పెద్ద పుస్తకాల్లో ఆ ఖాళీ చేతికి ఏవేవో అర్థాలు రాశారట. అది చీమిడి ముక్కమ్మా, అంతే.

వెనకవైపు సంగతి మాత్రం పట్టుబట్టకు. అన్నీ తిప్పి చూడటం మంచిది కాదు.

అమ్మ

*

ప్రాగ్, డిసెంబరు 14

అమ్మా,

తిప్పి చూశారు. వకీలు నోటీసు ఇచ్చాక తప్పలేదు.

417 ఉంది. నేను నవ్వాను. హోరాచెక్ కూడా నవ్వాడు. ఆ నంబరు కింద ఇంకో చీటీ అంటించి ఉంది. '1949 ఏప్రిల్ 6. హెడ్‌వికా ఫాంట్లోవా స్వచ్ఛందంగా ఇచ్చిన బహుమతి.' తర్వాత దానపత్రం తెచ్చి నా ముందు పెట్టాడు. సంతకం నీది. మొదటి అక్షరం కింద ఆ మెలిక ఇంకెవరూ పెట్టరు.

"జర్మన్లు చేసిన అన్యాయాన్ని రాజ్యం 1947లోనే సరిదిద్దింది మేడం. బొమ్మ మీ అమ్మగారికి తిరిగిచ్చింది. ఆవిడే మాకిచ్చారు. మీకు చెప్పలేదా?" అని, మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు.

నాకు చెప్పలేదు. మూడు నెలలుగా వాళ్ళ మొహాన దొంగలు దొంగలు అని అరుస్తుంటే కూడా చెప్పలేదు.

సెలవులకు రావడం లేదు.

దాషా

*

త్రెబీచ్, 2001 జనవరి 30

దాషా,

నెల పైన పట్టింది ఈ ఉత్తరానికి. నాలుగు చించేశాను.

బొమ్మ 1947లో దొరికింది. ఒక కోటలో గిడ్డంగి నిండా జనం సామాన్లు పోగేసి ఉన్నాయి. మూడు రోజులు వెతికాను. రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అప్పుడు నేనూ ఎగోనూ ఒక్క గదిలో ఉండేవాళ్ళం. ఆ గదిలో మంచం, పొయ్యి, అమ్మ.

మరుసటి సంవత్సరం దుకాణం ప్రజల పరం చేస్తున్నామని కొత్త ప్రభుత్వం వాళ్ళు తాళాల కోసం వచ్చారు. ఎగోన్ నోరు నీకు తెలియదు, నీ నోరే. "వాళ్ళు స్వస్తిక పట్టీ కట్టుకుని వచ్చారు, మీరు ఎర్ర పట్టీ కట్టుకుని వచ్చారు. తాళాలు అడిగే తీరు మాత్రం ఒక్కటే" అన్నాడు. వీధిలో అందరి ముందూ. వారం తిరగకుండా వాణ్ణి పట్టుకుపోతారని కబురొచ్చింది. క్యాంపు నుంచి తెచ్చుకున్న ఊపిరితిత్తులతో జైలుకు వెళితే వాడు ఒక్క చలికాలం దాటడు.

దేశం దాటడానికి ముద్ర కావాలి. ప్రాగ్‌లో ఆఫీసుకు పదకొండు సార్లు వెళ్ళాను. పదకొండోసారి అక్కడి అధికారి గోళ్ళు గీరుకుంటూ అన్నాడు: "మీ ఇంట్లో ఏదో మంచి బొమ్మ ఉందట కామ్రేడ్. ప్రజలకు బహుమతిగా ఇచ్చెయ్యండి. మీరు ఉదారంగా ఉంటే ప్రజలూ ఉదారంగా ఉంటారు."

వాడే కాగితం తెచ్చాడు. 'స్వచ్ఛందంగా' అన్న మాట ముందే అచ్చేసి ఉంది.

తెలిస్తే ఎగోన్ కదలడు. "అమ్మను ఇచ్చి నన్ను పంపుతావా?" అనేవాడు. అందుకే ముద్ర దానంతటదే వచ్చిందన్నాను, బొమ్మను చట్రం బాగుచేయడానికి ఇచ్చానన్నాను. వాడు రైలెక్కి వెళ్ళాడు. హైఫా నుంచి మొదటి ఉత్తరంలోనే అడిగాడు, 'అమ్మ బొమ్మ భద్రమే కదా?' అని. నిజం రాయలేకపోయాను. అబద్ధమూ రాయలేకపోయాను. మూడు ఉత్తరాలు వచ్చాయి, నాలుగోది రాలేదు. వాడు రాయలేదని నీకు చెప్పింది నేనే. రాయనిది నేను. 1981లో వాడు పోయాడని వాడి భార్య రాస్తే దానికీ జవాబివ్వలేదు.

నువ్వు దొంగలు అన్నప్పుడల్లా ఆ దొంగల్లో నేనూ ఉన్నానేమో అనిపించేది. అందుకే వదిలెయ్యమన్నాను.

ఇక నీ ఇష్టం.

అమ్మ

*

ప్రాగ్, మార్చి 12

నా బంగారు అమ్మా,

ముందు క్షమించు. తర్వాత చదువు.

నువ్వా దొంగవి? కన్నతల్లి బొమ్మ పెట్టి తమ్ముడి ప్రాణం కొన్నదానివి. ఆ బేరం పెట్టినవాణ్ణి అనాలి. వాడు పెట్టిన 'బహుమతి' అన్న పేరును యాభై ఏళ్ళు గోడకు తగిలించుకుని కూర్చున్నవాళ్ళను అనాలి.

నీ ఉత్తరం చదివిన మర్నాడే బడికి సెలవు పెట్టి, దేశం దాటినవాళ్ళ ఫైళ్ళు దాచే చోటికి వెళ్ళాను. మావయ్య ఫైలు అడిగాను. సన్నటి ఫైలు. ఫోటోలో ఎంత బక్కగా ఉన్నాడమ్మా! దరఖాస్తు మూడుసార్లు తోసిపుచ్చారు. ఆఖరి కాగితం అరచేయంత చీటీ, పెన్సిలు రాత. '6-4-49. చిత్రం గ్యాలరీకి చేరింది. ఇక ముద్ర వేయవచ్చు.'

అక్కడి ఉద్యోగిని నా భుజం మీదుగా చదివి, "ఛీ" అంది. నకలు మీద అందరికంటే ముందు నాకే ముద్ర వేసి ఇచ్చింది.

హోరాచెక్ బల్ల మీద పెట్టాను. చాలాసేపు చదివాడు. ఉన్నది రెండే వాక్యాలు. ఈసారి మంచినీళ్ళు తనే తాగాడు.

ఇలాంటివి తిరిగివ్వాలా వద్దా తేల్చే కమిటీకి పంపాం.

నీ
దాషా

*

ప్రాగ్, మే 28

అమ్మా,

గెలిచాం! దానపత్రం చెల్లదని కమిటీ తేల్చింది. ఒటీలియా ఫాంట్లోవా చిత్రం ఆవిడ కూతురిది. అధికారికంగా పేరు పెట్టి రాశారు.

ఇంకో మాట. బొమ్మను అక్కడే ఉంచమని బతిమాలుతున్నారు. కాగితాల మీద నీదే, గోడ మాత్రం వాళ్ళది. కొత్త రేకు మీద అమ్మమ్మ పేరు వేసి, కింద 'కుటుంబం సహృదయంతో ఇచ్చినది' అని పెడతారట. నిజం చెప్పాలంటే నాకూ ఉంచడమే మేలనిపిస్తోంది. వేలమంది చూస్తారు. నీ వంటింటి ఆవిరికి రంగులు పాడవుతాయి. నేను బడిపిల్లలను తీసుకుని కొండలకు పోతున్నాను, రెండు వారాల్లో వస్తాను. వచ్చాక ఇద్దరం కలిసి సంతకం పెడదాం.

దాషా

*

త్రెబీచ్, జూన్ 9

నా తల్లీ దాషా,

నువ్వు వచ్చేదాకా ఆగలేదు. కోప్పడకు.

గురువారం పొద్దున పక్కింటి వోండ్రాను వ్యాను తీయమన్నాను. క్యాబేజీలు దింపి, దుప్పట్లు పరిచాడు. నా మోకాళ్ళతో గ్యాలరీ రెండో అంతస్తు ఎక్కేసరికి పావుగంట పట్టింది. హోరాచెక్ పరుగెత్తుకొచ్చాడు. సంతకం పెట్టడానికి వచ్చాననుకుని కలం కూడా తీశాడు.

"దించండి" అన్నాను.

"అమ్మా, రేకు మీద ఏం రాయాలో మీరే చెప్పండి, అలాగే రాయిస్తాం" అన్నాడు.

"సహృదయం అన్న మాట నాకు వద్దు బాబూ. ఒకసారి సహృదయంతో సంతకం పెట్టాను. ఇంకోసారి పెట్టను."

"ఇది జాతి సంపద అమ్మా."

"మేం బండెక్కిన రోజున జాతి ఎక్కడుంది?"

గదిలో పదిమంది దాకా చూస్తున్నారు. ఆయన గొంతు తగ్గించాడు. "వంటింట్లో పెడితే ఎవరు చూస్తారండీ?"

"నేను చూస్తాను" అన్నాను.

దించారు. తిప్పినప్పుడు వెనక నంబరూ చీటీ నేనూ చూశాను. చీటీ పీకేస్తానని వోండ్రా చెయ్యి చాపితే వద్దన్నాను. ఉండనీ. నువ్వు చదివావు, రేపు ఇంకెవరైనా చదవాలి.

వంటింట్లో కాదులే, పొయ్యికి దూరంగా, మంచం ఎదురుగా పెట్టించాను. అందరూ వెళ్ళిపోయాక తలుపు వేసి కూర్చున్నాను. అమ్మ నాకంటే నలభై అయిదేళ్ళు చిన్నది దాషా. నీకంటే కూడా చిన్నది. నా కూతురి వయసు కూడా లేని ఆ పిల్లకు ఇన్నాళ్ళూ భయపడ్డానా అనిపించింది.

చివరకు చెప్పవలసింది చెప్పాను. "ఎగోన్ బతికాడమ్మా. నిన్ను ఇచ్చి పంపాక ముప్పై రెండేళ్ళు బతికాడు. ఇద్దరు పిల్లలు" అన్నాను.

ఆ పిల్లలకు నేను ఉత్తరం రాస్తున్నాను. నా రాత వాళ్ళకు అర్థం కాదేమో, నువ్వు వచ్చి ఇంగ్లీషులో పెట్టాలి. త్వరగా రా.

నీ
అమ్మ,
ఒటీలియా కూతురు