పేజీ మొత్తం కాపీ చేసేదెవరు?

పుణె,
ఆదివారం

అన్నకు, వదినకు మీ సుజాత నమస్కారం చేసి రాసేది. నేను బాగున్నాను. మీరంతా బాగున్నారని తలుస్తాను. జేజి మోకాళ్ల నొప్పి ఎట్ల ఉంది? ఫోను పెట్టుకుని ఉత్తరమేంది అనుకుంటావు. ఫోను చేస్తే నువ్వు కంభంలో నీ ఇంటర్నెట్ దుకాణంలో స్పీకరు పెట్టేస్తావు, దరఖాస్తులకు వచ్చినోళ్లంతా వింటారు. ఇది అట్ల వినే సంగతి కాదు.

నా గురించి దిగులు పెట్టుకోవద్దు. తింటున్నాను. దాన్ని తిండి అనడానికి నోరు రాదు గాని, తింటున్నాను. పప్పులో బెల్లం వేస్తారు ఈ మహానుభావులు. వాన ఆగదు, బట్టలు ఆరవు, గదంతా ముక్కిపోయిన వాసన. అయినా బాగానే ఉన్నాను.

మేం తయారుచేసే బ్రౌజరును నేను ఈ కంపెనీలో చేరగానే గొప్పకు పోయి నీ దుకాణంలో కూడా పెట్టించాను కదా. అందులో కాపీ, పేస్టు చేస్తే ఉన్నట్టుండి మూసుకుపోయే జబ్బుంది. మూడు వారాలుగా దాని మీదే పని. ఏసీ గదిలో పదిమంది కూర్చుని పేస్టు అంటే ఏందో ఇంగ్లీషులో పూటంతా మాట్లాడతారు. ఒక్కడూ ఒక్క దరఖాస్తు నింపిన పాపాన పోలేదు.

"మల్లయ్య మామ గొర్రెల బీమా ఫారం సగం నింపినాక మీ బ్రౌజరు ఎగిరిపోయింది సుజాతా, పాపం ఆయన రెండుసార్లు బస్సెక్కి వచ్చినాడు" అని నువ్వు మొత్తుకున్నావే, అది మా టీము లీడుకు చెప్పాను. ఆయన ఒక్క మాట కాపీ చేసి, పేస్టు చేసి, "నా దాంట్లో బాగానే ఉందే" అని ఫిర్యాదు మూసేశాడు. రోగి వస్తే తన చెయ్యి తానే పట్టి చూసుకునే డాక్టరు ఈయన.

అప్పుడు నీ పద్ధతి చూపించాను. నీ మౌసు బటను అరిగిపోయి, కావలసినంత ఎంచుకోనీకుండా సగంలో వదిలేస్తుంది కదా, అందుకని పోయినేడు ఫారం పేజీ మొత్తం కాపీ చేసి, కొత్త ఫారంలో పడేసి, అక్కర్లేనిది చెరుపుకుంటావే, అదే. పెద్ద తెర మీద బ్రౌజరు టక్కున మూసుకుపోయింది. నాకు కడుపు నిండింది. లీడు మాత్రం నవ్వి, "పేజీ మొత్తం కాపీ చేసేదెవరు?" అన్నాడు.

అన్నా, నేను "ఎవరో చదువు రాని వాళ్లు" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బీకాం ఫస్టు క్లాసు నువ్వు. ఆ అరిగిన మౌసుతోనే నన్ను ఇంజనీరింగు చదివించావు.

వాళ్లు వేసిన మందు విను. ఎక్కువ పేస్టు చేస్తే అసలు పేస్టే కాకుండా చేస్తారట. బ్రౌజరు బతుకుతుంది, నీ పని ఆగిపోతుంది. దానికి చప్పట్లు కూడా. ఇంతసేపూ వీళ్లను ఎద్దేవా చేశాను గాని, ఆ గదిలో అందరికంటే నీచురాలిని నేనే.

మర్నాడు మీటింగులో లేచి చెప్పాను. "పేజీ మొత్తం కాపీ చేసేది మా అన్న. నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను." లీడు మొహం చూడాలి నువ్వు. "అయితే గురువారం లోపల నువ్వే బాగుచెయ్యి, లేకుంటే మా పద్ధతే" అన్నాడు. చేశాను. పేజీతోపాటు కంటికి కనపడని గడి ఒకటి వస్తుంది. మా బ్రౌజరు దాన్ని అవతల పారేసి, మళ్లీ దాన్నే వెతుక్కుంటూ కూలబడుతోంది. ఇంతా చేస్తే రెండు లైన్ల పని. మూడు వారాల ఇంగ్లీషుకు రెండు లైన్లు!

నా రెండు లైన్లతోనే ఈ వారం అప్‌డేటు వస్తుంది, నొక్కు. మల్లయ్య మామ ఫారంతోనే మొదలుపెట్టు. నువ్వు కొత్త మౌసు కొనుక్కుని, ఆ పాతది వదిన చేసే చెనిక్కాయల పొడితోపాటు నాకు పంపు. ఇక్కడి వాళ్ల చేతిలో పెట్టి పని చేయించాలని ఉంది.

జేజికి, నాయనకు, అమ్మకు నా దండాలు. మీ దీవెన నా మీద ఉండాలి. కోపమొస్తే ఫోను చేసి తిట్టు. నేను నిన్ను పదిమందిలో అన్నాను. నువ్వూ స్పీకరు పెట్టే తిట్టు.

నీ చెల్లెలు
సుజాత